నల్లగొండ, పాలమూరు పోరాట సాహిత్యంలో పల్లె ముస్లిము

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలకు యుద్ధగాథ కొత్తది కాదు. ఏటా ముహర్రం నెల తొలి పది రోజులలో పీర్ల కొట్టం ముందు అలావా గుండం తవ్వి, నిప్పు రాజేసి, దాని చుట్టూ తిరుగుతూ పాడే తెలుగు పాటలలో కర్బలా మైదానమే కళ్ళకు కడుతుంది. హిజ్రీ 61లో, అనగా క్రీ.శ. 680లో, ఇరాక్ గడ్డపై ఇమామ్ హుసైన్ (రజి) పరివారానికి వాటిల్లిన ఘోరాన్ని తలచుకొని కన్నీరు పెట్టేవారిలో ముస్లిముల కంటే ముస్లిమేతరులే హెచ్చుగా ఉండే గ్రామాలు ఈ రెండు జిల్లాలలో కొల్లలు. ఈ ఆచారంలోని ధార్మిక దోషాలను ఉలమాలు ఎత్తిచూపుతూనే ఉన్నారు. ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం. సాహిత్య చరిత్ర దృష్టితో గమనించవలసింది ఒకటుంది. ఆ పాటలు గెలిచినవాని పరాక్రమాన్ని పొగడవు. దప్పికతో అల్లాడే పసిబిడ్డను, గుడారంలో ఎదురుచూసే ఆడవారిని, యుద్ధం ముగిశాక బందీలై నడిచిన స్త్రీలను తలచుకుంటాయి. ఉర్దూలో మీర్ అనీస్ (1803-1874) మర్సియాలను శిఖరానికి చేర్చినదీ ఈ దృష్టితోనే. ఆయన 1871 ముహర్రంలో హైదరాబాదు వచ్చి తన మర్సియాలు చదివి వినిపించారు. యుద్ధాన్ని ఓడిన ఇంటి గడప మీద నిలబడి చూడటం ఈ సంప్రదాయపు లక్షణం.

అదే పల్లెలు 1946 నుంచి 1951 వరకు తామే యుద్ధభూములైనాయి. ఆ ఐదేళ్ళను గురించి తెలుగులోనూ ఉర్దూలోనూ విస్తారమైన సాహిత్యం వచ్చింది. పాటలు, నాటకాలు, నవలలు, జ్ఞాపకాలు, చలనచిత్రాలు దాదాపు ఒక గ్రంథాలయమే ఉన్నది. అయితే ఆ సాహిత్యం ఓడిన ప్రతి ఇంటి గడపనూ తొక్కిందా? నల్లగొండ పల్లెలో దూది ఏకుకొని బ్రతికే ముస్లిము, నాలుగెకరాల చెలక దున్నుకొనే ముస్లిము, తాలూకా కచేరీలో జవానుగా పనిచేసే ముస్లిము ఆ పుటలలో ఎక్కడ కనిపిస్తాడు? ఈ ప్రశ్న ముస్లిముల పక్షపాతంతో వేసేది కాదు. సాక్ష్యం తమకు గానీ తమ బంధువులకు గానీ ప్రతికూలమైనా సరే న్యాయం పక్షాన నిలబడవలసిందేనని దివ్యఖుర్ఆన్ నిసా అధ్యాయం విశ్వాసులను ఆదేశిస్తున్నది. కనుక ఈ పరిశీలనలో ముస్లిములపై జరిగిన అన్యాయంతోబాటు ముస్లిముల పేరిట జరిగిన అన్యాయాన్నీ చెప్పవలసి ఉంటుంది.

సంఘటనలు అందరూ ఎరిగినవే కాబట్టి క్లుప్తంగా గుర్తుచేస్తే చాలు. 1946 జూలై 4న అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని కడవెండిలో విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు జరిపిన కాల్పులలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. వడిసెలలు, గుత్పలు పట్టి మొదలైన సంఘాలు కొద్దికాలానికే తుపాకులు పట్టిన దళాలైనాయి. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వానికీ నిజాముకూ మధ్య యథాతథ ఒడంబడిక జరిగింది గాని, పల్లెలలో రజాకార్ల దాడులు ఆగలేదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ తరువాత అదే సైన్యానికీ కమ్యూనిస్టు దళాలకూ మూడేళ్ళు పోరు సాగి, 1951 అక్టోబరు 21న విరమణ ప్రకటనతో ముగిసింది. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన గ్రంథంలో సుమారు 3000 గ్రామాలు ఈ పోరాటంలో పాల్గొన్నాయనీ, 10 లక్షల ఎకరాల భూమి పంపకమైందనీ, 4000 మంది ప్రాణాలు కోల్పోయారనీ లెక్క చెప్పారు. పోరాటానికి నాయకత్వం వహించిన వ్యక్తి ఇచ్చిన లెక్క అన్న సంగతి మనసులో ఉంచుకొనే దానిని స్వీకరించాలి.

అంటే ఒకే నేల మీద మూడు యుద్ధాలు జరిగాయన్నమాట. మొదటిది రైతుకూ దొరకూ మధ్య. రెండవది రజాకార్లకూ గ్రామాలకూ మధ్య. మూడవది సైన్యానిది, మొదట నిజాం మీద, ఆపైన దళాల మీద. ఈ మూడింటిలోనూ పల్లె ముస్లిము ఉన్నాడు. మొదటి దానిలో అతనికి సాహిత్యం సముచిత స్థానమే ఇచ్చింది. తరువాతి రెండింటిలో అతను మసకబారిపోయాడు.

మొదటి యుద్ధానికి తొలి అమరుడుగా చాలామంది చెప్పుకొనేది షేక్ బందగీని. దేవరుప్పుల ప్రాంతంలోని కామారెడ్డిగూడెం అతని ఊరు. అదీ ఆనాటి జనగామ తాలూకాయే. చిన్న రైతు. కుటుంబంలో పుట్టిన భూమి తగాదాలో విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి వేలుపెట్టగా, బందగీ లొంగకుండా కోర్టుకెక్కాడు. దేశ్‌ముఖ్ మాటే చట్టమైన ఆ సీమలో వెట్టి చేయవలసిన మనిషి కోర్టు మెట్లెక్కటమే ఒక తిరుగుబాటు. వ్యాజ్యం అతనికి అనుకూలమైన దశలో, 1940 దశకం మొదట్లో, దొర మనుషులు దారికాచి నరికి చంపారు. దారి పక్కన ఉన్న అతని సమాధి వద్ద మతభేదం లేకుండా జనం చేరి తలచుకోవటం ఆనవాయితీ అయింది.

ఈ ఉదంతానికి చరిత్రలో ఉన్న ప్రాముఖ్యం చిన్నది కాదు. రాజ్యమేలేది ముస్లిము ప్రభువు. ఆ ప్రభువు అండతో పెత్తనం చేసే దేశ్‌ముఖ్ హిందువు. ఆ పెత్తనానికి బలైన రైతు ముస్లిము. నల్లగొండలో జరిగినది మతాల మధ్య పోరు కాదనటానికి ఇంతకు మించిన దాఖలా అక్కరలేదు. కడవెండిలో కొమరయ్యను బలిగొన్నదీ అదే దొరతనం కావటం గమనార్హం. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 1947లో రాసిన ‘మాభూమి’ నాటకానికి బందగీ మరణమే ప్రేరణ అని చెప్తారు. ప్రజానాట్యమండలి దళాలు కోస్తా జిల్లాలలో దానిని ఊరూరా ఆడగా, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఒక తెలంగాణా ముస్లిము రైతు కోసం కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు కన్నీరు కార్చిన రోజులవి. తెలుగు సాహిత్యంలో పల్లె ముస్లిము కథానాయకుడుగా గౌరవం పొందిన సందర్భాలు చాలా అరుదు, అందులో ఇది మొదటి వరుసలోనిది.

ఉర్దూ వైపున ఈ గౌరవం మఖ్దూం మొహియుద్దీన్‌ది (1908-1969). మెదక్ జిల్లా ఆందోలులో పుట్టి, తండ్రిని చిన్ననాడే పోగొట్టుకొని, ధార్మిక వాతావరణం గల ఇంట పెరిగిన మఖ్దూం కమ్యూనిస్టు నాయకుడైన తీరు వేరే చర్చనీయాంశం. ఆయన విశ్వాసాలతో ఏకీభవించనివారు సైతం యుద్ధ కవిగా ఆయన స్థానాన్ని కాదనలేరు. తెలంగాణా పోరుకు ముందే, రెండవ ప్రపంచ యుద్ధం రోజులలో ఆయన రాసిన ‘సిపాహీ’ పాట యుద్ధానికి వెళ్ళే సైనికుణ్ణి పొగడదు. అతను వదిలివెళ్ళిన ఇంటిలోని ఆడమనిషి వైపు, ఆకలిగొన్న పిల్లల వైపు చూపు మళ్ళిస్తుంది. 1960లో వచ్చిన ఒక హిందీ చిత్రంలో ఆ పాట చేరి దేశమంతటా వినిపించింది. ‘అంధేరా’ అనే కవితలో కందకాలూ ముళ్ళతీగలూ మృతదేహాలూ నిండిన రాత్రి ఒకటి వస్తుంది. ఈ రెండింటిలోనూ శత్రువు పేరు లేదు, జెండా రంగు లేదు. మర్సియా వినిపించే ఊళ్ళలో పుట్టి పెరిగిన కవి అనటానికి ఈ చూపే గుర్తు. 1944లో వచ్చిన ‘సుర్ఖ్ సవేరా’ తరువాత ఆయన అజ్ఞాతవాసంలో, జైలులో గడపవలసి వచ్చి, రెండవ సంపుటి ‘గులె తర్’ 1961 దాకా రాలేదు. 1952లో నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ నియోజకవర్గపు ఉపఎన్నికలో జనం ఆయనను శాసనసభకు పంపారు. పోలీసు చర్య జరిగి నాలుగేళ్ళయినా కాలేదు. హిందువులు అత్యధికంగా ఉన్న రైతాంగం, తమ భాష కాని భాషలో కవిత్వం చెప్పే ముస్లిమును ఎన్నుకొన్నది. నల్లగొండ మనసు తెలుసుకోగోరేవారు మరువరాని సంగతి ఇది.

ఇక తెలుగు పాట. పాలడుగులో పుట్టి సుద్దాలలో స్థిరపడిన సుద్దాల హనుమంతు బుర్రకథ, గొల్లసుద్దులు వంటి జానపద రూపాలను పోరాటానికి మళ్ళించారు. పశువులు కాసే జీతగాడైన పసివాని మీద ఆయన కట్టిన పాట దొర పశుల కొట్టంలో జరిగే యుద్ధాన్ని చూపిస్తుంది. తుపాకి పేలకముందే పల్లె ఎలా గాయపడి ఉన్నదో చెప్పే పాట అది. దళంలో పనిచేసిన బండి యాదగిరి పేరిట ప్రచారంలో ఉన్న పాట ఇందుకు భిన్నమైనది. అది నేరుగా నిజాం సర్కారును సవాలు చేసే రణగీతం. ఈ రెండూ 1980లో విడుదలైన ‘మాభూమి’ చిత్రం ద్వారా కొత్త తరానికి చేరాయి. నాటకానికీ ఈ చిత్రానికీ పేరు ఒకటే గాని కథ వేరు. చిత్రానికి ఆధారం కృషన్ చందర్ ఉర్దూ నవల, దాని ప్రస్తావన ముందు వస్తుంది.

రణగీతానికి ఒక సహజ స్వభావం ఉంది. అది శత్రువును ఒక్క మాటలో పట్టుకోవాలి. ఆ ఒక్క మాట ‘రజాకారు’ అయింది. పాడేవానికి ఆ మాట వెనుక తన ఊరిపై పడిన మూక కనిపించింది, అందులో తప్పులేదు. అయితే పాట తరం మారిన కొద్దీ, వినేవాని చెవిలో ఆ మాట మెల్లగా ‘సాయబు’ అనే మాటలో కలిసిపోయింది. రజాకార్ల దండులో ముస్లిమేతరులు కొందరు ఉన్నారనీ, రజాకార్లను ఎదిరించి ప్రాణాలిచ్చిన ముస్లిములు ఉన్నారనీ పాట చెప్పలేదు. అంత వివరం చెప్పటం రణగీతం పని కాదు. నవల పని, చరిత్ర పని.

రజాకార్ల దుశ్చర్యలను దాచటం ముస్లిము చరిత్రకారునికి తగదు. 1948 ఆగస్టు 27న జనగామ ప్రాంతపు బైరాన్‌పల్లిపై రజాకార్లు, నిజాం పోలీసులు కలిసి దాడిచేసి ఎనభై మందికి పైగా గ్రామస్థులను చంపారు. ఊరివారు తలదాచుకొని ఎదురునిలిచిన బురుజు నేటికీ నిలిచి ఉన్నది. మహబూబ్‌నగర్ జిల్లా అప్పంపల్లిలో 1947 అక్టోబరులో పోలీసు కాల్పులలో 11 మంది మరణించారు. ఇస్లాం పేరు చెప్పుకొన్న రాజకీయం కింద ఇవి జరిగాయి. అయితే ఇస్లాం యుద్ధనీతి ఏమంటున్నది? సిరియా వైపు సైన్యాన్ని పంపుతూ తొలి ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) ఇచ్చిన ఉత్తర్వు హదీసు గ్రంథాలలో భద్రంగా ఉంది. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపరాదు. కాయగాచే చెట్టును నరకరాదు. జనం నివసించే చోటును పాడుచేయరాదు. తినటానికి తప్ప మేకను, ఒంటెను కోయరాదు. ఈ ఉత్తర్వును పక్కన పెట్టుకొని బైరాన్‌పల్లి బురుజును చూస్తే తీర్పు చెప్పటానికి వేరే న్యాయమూర్తి అక్కరలేదు.

ఆ తీర్పును ఆనాడే చెప్పిన ముస్లిములు ఉన్నారు. ‘ఇమ్రోజ్’ ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్లను తీవ్రంగా విమర్శించి, 1948 ఆగస్టు 21 రాత్రి హైదరాబాదులో హంతకుల చేతిలో బలయ్యాడు. రాసిన కుడిచేతిని నరికారు. బైరాన్‌పల్లి ఘటనకు వారం రోజుల ముందటి మాట ఇది. తహసీల్దారు పదవికి రాజీనామా ఇచ్చి రజాకార్ల ధోరణిని ఖండించిన మహమ్మద్ ఫరీద్ మీర్జా ఆ రోజులను గురించి ఆంగ్లంలో రాసిన చిన్న పుస్తకం నిజాయితీకి మచ్చుతునక. అందులో పోలీసు చర్యకు ముందు తాను చూసిన అన్యాయం, దాని తరువాత చూసిన అన్యాయం రెండూ ఒకే స్వరంతో చెప్పారాయన. ఇటువంటి స్వరం నవలలలో గాని నాటకాలలో గాని దొరకదు.

సెప్టెంబరు 13న విజయవాడ వైపు నుంచి బయలుదేరిన సైన్యపు దారి నల్లగొండ జిల్లా గుండానే పోయింది. కోదాడ, మునగాల, సూర్యాపేట మీదుగా సాగిన ఆ దారి నేటి విజయవాడ-హైదరాబాదు రహదారే. యుద్ధం ఐదు రోజులలో ముగిసింది. తరువాత జరిగినదానికి యుద్ధమని పేరు లేదు. పల్లెలలో, పట్టణాలలో ముస్లిములపై ప్రతీకారం చెలరేగిందన్న వార్తలు ఢిల్లీకి చేరగా, ప్రధాని నెహ్రూ పంపిన సుహృద్భావ బృందం 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 వరకు రాష్ట్రంలో పర్యటించింది. 16 జిల్లాలలో 9 తిరిగి, 7 జిల్లా కేంద్రాలు, 21 పట్టణాలు, 23 ముఖ్య గ్రామాలు చూసి, తాము పోలేకపోయిన 109 గ్రామాలకు చెందిన 500 మందికి పైగా జనాన్ని విచారించింది. పోలీసు చర్య సమయంలోనూ తరువాతా రాష్ట్రమంతటా 27,000 నుంచి 40,000 మంది మరణించి ఉంటారని అంచనా వేసింది. అందులో ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు అందరికంటే ఎక్కువగా నష్టపోయాయి. రెండవ వరుసలో ఔరంగాబాదు, బీడ్, మెదక్‌లతో పాటు నల్లగొండ ఉన్నది. ఈ నాలుగింటిలో కనీసం 5000 మంది చనిపోయారని ఆ నివేదిక చెప్పింది.

ఇక్కడ ఒక వైరుధ్యం ఎదురవుతుంది. సంఘం బలంగా ఉన్న గ్రామాలలో సాధారణ ముస్లిములకు రక్షణ లభించిందని కమ్యూనిస్టు నాయకుల రచనలు చెప్తున్నాయి. నివేదిక నల్లగొండను బాధిత జిల్లాలలో చేర్చింది. ఒకటి నిజమైతే మరొకటి అబద్ధం కానక్కరలేదు. జిల్లా విశాలమైనది, ప్రతి ఊరూ సంఘం ఊరు కాదు. బందగీ సమాధికి దండం పెట్టిన చేతులు బందగీ కులస్థులను కాపాడి ఉంటాయన్నది నమ్మదగిన విషయమే. అటువంటి చేతులు లేని ఊళ్ళూ ఉన్నాయి. సామాన్య హిందువులు ప్రాణాలకు తెగించి ముస్లిములను కాపాడిన ఉదాహరణలు నివేదికలోనే ఉన్నాయి. ముఖ్యంగా ఒకే వృత్తి చేసుకొనేవారి మధ్య ఈ సౌభ్రాతృత్వం కనిపించిందనీ, కొన్నిచోట్ల హిందూ నేతగాళ్ళు తోటి ముస్లిము నేతగాళ్ళ కోసం ప్రాణనష్టానికి సైతం సిద్ధపడ్డారనీ, అపహృతులైన ముస్లిము స్త్రీలను తిరిగి ఇళ్ళకు చేర్చటంలో అనేక హిందువులు తోడ్పడ్డారనీ అది నమోదు చేసింది. మగ్గం పక్కన మగ్గం పెట్టుకొన్నవారి మధ్య ఉండే బంధం మతపు మాటల కంటే గట్టిది కాబోలు.

ఈ నివేదికను యుద్ధ సాహిత్యంలో చేర్చవచ్చునా? చేర్చి తీరాలి. దానిని పండిత్ సుందర్‌లాల్‌తో కలిసి తయారుచేసిన ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ మామూలు రాజకీయవాది కాదు. ‘లైలా కే ఖుతూత్’ అనే ప్రసిద్ధ ఉర్దూ రచనకు కర్త, హైదరాబాదు నుంచి ‘పయాం’ పత్రిక నడిపిన సంపాదకుడు. ఒక వేశ్య లేఖల రూపంలో సంఘపు కపటాన్ని బయటపెట్టిన రచయిత, వార్ధక్యంలో పాడుబడిన ఊళ్ళు తిరిగి, బావుల దగ్గర నిలబడి, విధవల మాటలు రాసుకొన్నాడు. దానినే నవలగానో, ఉర్దూలో పుస్తకంగానో వెలువరించి ఉంటే ఆ తరం చదువరులకు అందేది. ప్రభుత్వ పత్రంగా మారి అది అటక ఎక్కింది. బయటికి పొక్కిన కొన్ని భాగాలు పరిశోధకుల చేతుల్లో తిరిగినా, పూర్తి పాఠం 2013లో గాని సామాన్య పాఠకునికి అందుబాటులోకి రాలేదు. ఆ ఏడాదే ఎ.జి. నూరానీ హైదరాబాదు పతనంపై వెలువరించిన ఆంగ్ల గ్రంథంలో దానిని అనుబంధంగా ముద్రించారు. అరవై ఐదేళ్ళపాటు నల్లగొండ పల్లె ముస్లిము గురించి రాసిన అతి ముఖ్యమైన వచనం తాళం వెనుక ఉండిపోయింది.

ఆ అరవై ఐదేళ్ళలో ఉర్దూ రచయితలు మౌనంగా లేరు. కాని వారి చూపు ఎటు పోయిందో చూడాలి. ఇబ్రాహీం జలీస్ ‘దో ముల్క్ ఏక్ కహానీ’ హైదరాబాదు పతనాన్నీ, దేశం విడిచిన తన కథనూ చెప్పింది. జీలానీ బానో ‘ఐవానె గజల్’ (1976) నగరంలోని ఒక జాగీర్దారు కుటుంబం కూలిపోవటాన్ని వర్ణిస్తుంది. తిరుగుబాటు నీడ ఆ హవేలీలోకీ పాకుతుంది. గొప్ప నవల అది, సందేహం లేదు. కూలిన హవేలీ ఉర్దూ సాహిత్యానికి కన్నీటి చెరువు అయింది. కూలిన గుడిసె ఆ చెరువులో ప్రతిబింబించలేదు. కారణం లేకపోలేదు. ఉర్దూ రాసేవారు, చదివేవారు ఎక్కువగా నగరంలో ఉన్నారు. నల్లగొండ దూదేకుల ముస్లిము ఇంట్లో మాట్లాడేదీ తెలుగే. అతనికి ఉర్దూ రాదు, ఉర్దూకు అతను కనబడడు. జీలానీ బానోయే తరువాత ‘బారిషె సంగ్’ నవలలో తెలంగాణా పల్లెలో అప్పుకు కట్టుబడి చాకిరీ చేసే బీద ముస్లిము కుటుంబాన్ని తీసుకొని కొంతవరకు ఈ లోటు తీర్చారు.

కృషన్ చందర్ విషయం విచిత్రమైనది. 1945 అక్టోబరులో అభ్యుదయ రచయితల మహాసభకు హైదరాబాదు వచ్చిపోయిన ఆయన ‘జబ్ ఖేత్ జాగే’ (1952) నవలలో ఉరికంబం ఎక్కబోయే రాఘవరావు అనే యువకుని చివరి రాత్రిని చిత్రించారు. హిందువైన పంజాబీ రచయిత ఉర్దూలో రాసిన తెలుగు రైతు కథ, బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్ చేతిలో తెలుగు చిత్రమయింది. భాషలకు మతాన్ని అంటగట్టేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

తెలుగు నవలకు వస్తే, నకిరేకల్ సమీపంలోని చెరువు మాదారంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి (1915-1961) ‘ప్రజల మనిషి’ (1955) నవలతో దారి వేశారు. తాను గడిపిన చెరసాలను ‘జైలు లోపల’ కథలలో చూపారు. నిజామాబాదు జైలులో ఆయన తోటి ఖైదీ దాశరథి కృష్ణమాచార్య. నిజాముపై అంత నిప్పులు కక్కిన కవి తెలుగులో మరొకడు లేడు. ‘అగ్నిధార’ (1949) కర్తయైన ఆ కవే 1961లో ‘గాలిబ్ గీతాలు’ వెలువరించి, గాలిబును తెలుగు ఇళ్ళలోకి తెచ్చాడు. రాజు మీది కోపాన్ని ఆ రాజు భాష మీదికి మళ్ళనీయని సంస్కారం అది. ఆయన సోదరుడు దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’, ‘మోదుగు పూలు’ (1971), ‘జనపదం’ నవలలలో ఉర్దూ కలగలిసిన తెలంగాణా పలుకుబడిని ఏ తొడుగూ లేకుండా వాడారు. మోదుగు పూత కాలంలో నల్లగొండ గుట్టలు ఎర్రబారే దృశ్యం ఎరిగినవారికి ఆ రెండవ నవల పేరులోని అర్థం చెప్పనక్కరలేదు. ఈ రచయితలెవ్వరూ ముస్లిము ద్వేషులు కారు. అయినా వీరి కథాగమనం సెప్టెంబరు 1948కి చేరేసరికి దొరల పునరాగమనం వైపు, సైన్యం నిర్బంధం వైపు తిరిగిపోతుంది. పక్క వాడలో ఆ వారాలలో ఏమయిందో పాఠకునికి తెలియదు. ఆ రోజుల ముస్లిము దుఃఖాన్ని తెలుగులో సూటిగా తాకినవారిలో నెల్లూరి కేశవస్వామి (1920-1984) ముందు నిలుస్తారు. ఆయన ‘యుగాంతం’ కథ ఇందుకు సాక్ష్యం. అయితే ఆయనదీ ‘చార్మినార్’ చుట్టూ తిరిగే నగర ప్రపంచమే.

మహబూబ్‌నగర్ సంగతి వేరు. ఇక్కడ పోరు నల్లగొండలో వలె ఊరూరా రగలలేదు. 1948 తరువాత దళాలు నల్లమలలోకి, అమ్రాబాదు వైపు తరలినప్పుడు చెంచు పెంటలు ఆ యుద్ధానికి అంచు అయినాయి. ఈ భాగానికి నవల లేదు, నాయకుల జ్ఞాపకాలే ఆధారం. పాలమూరు ఆ ఏళ్ళలో సాహిత్యానికి ఇచ్చినది మరొక రకమైనది. ఈ జిల్లావాడైన సురవరం ప్రతాపరెడ్డి 1949లో, చుట్టూ తుపాకులు మోగుతుండగా, రాజులనూ యుద్ధాలనూ పక్కకునెట్టి జనం తిండి, బట్ట, ఆటపాటలతో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువరించారు. అదే జిల్లావాడైన బూర్గుల రామకృష్ణారావు, 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయినవారు, పారసీ సాహిత్య పండితుడు. ఉమర్ ఖయ్యామును, సూఫీ కవి సర్మద్‌ను తెలుగు చేశారు. నిజాం పాలనను వ్యతిరేకించినవారు పారసీని వ్యతిరేకించలేదు. ఈ సంయమనం పాలమూరు చదువరులలో అప్పటికే పాదుకొని ఉన్నది.

1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వారి నోటితోనే వినిపించింది. తెలుగులో యుద్ధ సాహిత్యం మళ్ళీ గడప దగ్గరికి వచ్చిన సందర్భం అది. పాలకుర్తి ఐలమ్మ భూమి కోసం చేసిన తగాదా, దళంలో తిరుగుతూ బిడ్డను వదులుకోవలసివచ్చిన తల్లి వేదన అందులో ఉన్నాయి. అందులోని జమాలున్నిసా బాజీ, రజియా బేగం సాక్ష్యాలు అమూల్యమైనవి, అయితే వారూ హైదరాబాదు నగరంలోని చదువుకొన్న కుటుంబాల స్త్రీలు.

పల్లె ముస్లిము తన మాట తానే తెలుగులో చెప్పటం 1990 తరువాత గాని ఒక ప్రవాహంగా రాలేదు. 1998లో ‘జల్‌జలా’ ముస్లిము కవితల సంకలనం, 2004లో ‘వతన్’ ముస్లిము కథల సంకలనం వచ్చాయి. ఈ కృషి వెనుక ఉన్న స్కైబాబ నల్లగొండ జిల్లావాసి. ఆ రచనలలోని ధార్మిక దృక్పథంతో పేచీ పడేవారు ఉన్నారు, కొన్ని చోట్ల ఆ పేచీ సబబైనదే. కాని ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు మాట్లాడే కుటుంబం తన వాడను, తన అమ్మమ్మను, తన భయాన్ని తెలుగు అచ్చులో చూసుకోవటం అంతకు ముందు లేదు. ఖమ్మం జిల్లా నుంచి వెళ్ళి అమెరికాలో అధ్యాపకుడైన కవి అఫ్సర్ మహమ్మద్, పోలీసు చర్యను చూసిన వృద్ధుల మాటలను సేకరించి 2023లో ఆంగ్ల గ్రంథంగా వెలువరించారు. 1948 సెప్టెంబరులో పదేళ్ళ వయసున్న బిడ్డకు ఆ పుస్తకం అచ్చయ్యేనాటికి ఎనభై అయిదేళ్ళు.